కూర్పుల నిర్వహణ వ్యవస్థకు ఉండవలసిన గుణాలు

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఏ ఫైలు ఎప్పుడు, ఎవరి చేతిలో, ఎందుకు మారిందో రాసిపెట్టి, అడిగినప్పుడు పాత స్థితిని ఉన్నదున్నట్టు తీసి చూపించే ఏర్పాటు కూర్పుల నిర్వహణ వ్యవస్థ. వాడుకలో దీన్ని వెర్షన్ కంట్రోల్ అంటారు. వెర్షన్ అన్న మాటకు తెలుగు వికీపీడియాలో 'కూర్పు' అని వాడుతున్నారు. చక్కగా అమరిన మాట కనుక ఈ వ్యాసంలోనూ అదే వాడుతున్నాం. ఇవాళ ఈ రంగంలో గిట్‌దే పైచేయి. అయినా ఈ వ్యాసం ఏ ఒక్క సాధనం గురించీ కాదు. ఇలాంటి వ్యవస్థ దేన్ని ఎంచుకున్నా దానిలో ఏ గుణాలు చూడాలి, వాటిలో ఏది ముందు, ఏది వెనక అన్నదే ఇక్కడి విషయం.

ఈ అవసరం ఎలా పుడుతుందో చీమకుర్తిలో నిలబడి చూడవచ్చు. ఒంగోలు నుంచి పొదిలి వెళ్లే దారిలో ఉన్న ఈ ఊరు, పక్కనే ఉన్న రామతీర్థం బ్లాక్ గెలాక్సీ గ్రానైటుకు పుట్టిళ్లు. క్వారీలోంచి తీసిన బ్లాకు మీద రంగుతో నంబరు, కొలతలు వేస్తారు. ఒక బ్లాకు పొడవు 300, వెడల్పు 180, ఎత్తు 160 సెంటీమీటర్లు అనుకుందాం. మొత్తం 8.64 ఘనపు మీటర్లు. అంచులు, వంకరలు పోను లెక్క కట్టాలి కాబట్టి ప్రతి కొలతలోనూ కొంత తరుగు తీస్తారు. తరుగు 5 సెంటీమీటర్లయితే మిగిలేది దాదాపు 8 ఘనపు మీటర్లు, 10 అయితే 7.395. ఈ లెక్క చేసే ప్రోగ్రాములో ఆ తేడా అంతా ఒకే వరుసలోని ఒకే సంఖ్య. ఆరు నెలల తర్వాత పాత బిల్లుకూ కొత్త బిల్లుకూ పొంతన కుదరలేదంటే, ఆ 5 ఎప్పుడు 10 అయింది, ఎవరు మార్చారు, ఎవరితో కుదిరిన మాట ప్రకారం మార్చారు అన్నవాటికి జవాబు కావాలి. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అంటూ ఫోల్డర్లు పెట్టుకున్నవాళ్ల దగ్గర ఆ జవాబు దొరకదు.

కోసిన రాయి మళ్లీ అతకదు. ప్రోగ్రాముకు ఆ ఇబ్బంది లేదు. ఎన్నిసార్లు కోసినా మొదటి దిమ్మను మళ్లీ నిలబెట్టుకోవచ్చు. కాకపోతే దానికి చరిత్ర చెడకుండా ఉండాలి.

చెడని చరిత్ర

అన్ని గుణాల్లోకీ ఇదే మొదటిది. వేగం, సౌలభ్యం, అందమైన తెర, ఇవన్నీ దీని తర్వాతే. దాచిన కూర్పు దాచినట్టే తిరిగి వస్తుందన్న పూచీ లేనప్పుడు మిగతా సదుపాయాలు ఎన్ని ఉన్నా ప్రయోజనం లేదు.

మన ప్రాంతంలో పొలం కొనేవాడు ముందు ఈసీ తీయిస్తాడు. ఆ సర్వే నంబరు మీద జరిగిన క్రయాలు, తనఖాలు అందులో వరుసగా ఉంటాయి. తర్వాత లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. ఇప్పుడు అమ్మేవాడికి ఎవరు అమ్మారు, వాళ్లకు ఎవరు అమ్మారు అని వెనక్కి వెళతాడు. మధ్యలో ఒక్క లింకు తెగినా వకీలు సంతకం పెట్టనివ్వడు. గిట్, మెర్క్యూరియల్ లాంటి వ్యవస్థల్లో చరిత్రలోకి ఎక్కించే ఒక్కో మార్పు ఒక కమిట్. ఈ కమిట్ల అల్లిక సరిగ్గా ఇలాగే ఉంటుంది. ప్రతి కమిట్ తన ముందు కమిట్ గుర్తింపును తనలో రాసుకుంటుంది. ఆ గుర్తింపు వరుస నంబరు కాదు, ఆ కమిట్‌లోని సమాచారం మీద గణితం చేసి తీసిన ముద్ర. గిట్‌లో మొదటినుంచీ వాడుతున్న షా-1 పద్ధతిలో ఇది 160 బిట్ల సంఖ్య, రాస్తే 40 అక్షరాలు. ఎక్కడో నాలుగేళ్ల కిందటి ఫైలులో ఒక్క కామా మార్చినా దాని ముద్ర మారుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న తర్వాతి కమిట్ ముద్ర మారుతుంది, అలా నేటి దాకా అన్నీ మారిపోతాయి. గుట్టుగా దిద్దడం కుదరదు.

ఈ జాగ్రత్త ఎందుకో 2003 నవంబరులో తెలిసివచ్చింది. అప్పట్లో లినక్స్ కెర్నల్ అసలు చరిత్ర బిట్‌కీపర్ అనే కూర్పుల నిర్వహణ వ్యవస్థలో ఉండేది. అది వాడనివాళ్ల కోసం సీవీఎస్ అనే మరో వ్యవస్థలో ఒక నకలు నడిచేది. ఆ నకలు ఉన్న సర్వరులోకి ఎవరో చొరబడి కెర్నల్‌లో రెండే రెండు వరుసలు చేర్చారు. పైకి చూస్తే అది పొరపాటు విలువలను పట్టుకునే మామూలు తనిఖీలాగే ఉంది. కానీ రెండు సమాన గుర్తులు ఉండవలసిన చోట ఒక్కటే ఉంది. పోల్చవలసిన చోట విలువ కట్టబెట్టడం జరుగుతుంది. కిటుకు తెలిసిన వాడుకరికి యంత్రం మీద సర్వాధికారం వచ్చేస్తుంది. సీవీఎస్‌లో కనబడిన ఈ మార్పుకు బిట్‌కీపర్‌లో జోడు నమోదు లేకపోవడంతో దొంగతనం బయటపడింది. నకలు నకలే, అసలు వేరే చోట ఉండబట్టి సరిపోయింది.

ముద్రలు కూడా కాలంతోపాటు పాతబడతాయి. 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థ, గూగుల్ పరిశోధకులు కలిసి ఒకే షా-1 ముద్ర వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్ ఫైళ్లు తయారుచేసి చూపించారు. ఆ తర్వాత గిట్ 2020లో వచ్చిన 2.29 కూర్పులో షా-256 పద్ధతికి ప్రయోగాత్మకంగా చోటిచ్చింది. కాబట్టి ముద్ర ఉంటే చాలదు, అవసరం వచ్చినప్పుడు ముద్ర పద్ధతినే మార్చుకోగల వీలు కూడా ఉండాలి.

సర్వే నంబర్ల నుంచి గిట్ దాకా

ఈ గుణాలు ఒక్కరోజులో ఏర్పడలేదు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ రాసిన ఎస్‌సీసీఎస్ ఈ కోవలో మొదటిదిగా పేరుపడింది. 1980ల మొదట్లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ ఆర్‌సీఎస్ తయారుచేశాడు. అందులో సరికొత్త కూర్పును పూర్తిగా దాచి, పాతవాటిని దానినుంచి వెనక్కి లెక్కకట్టే తేడాలుగా ఉంచారు. జనం ఎక్కువగా అడిగేది తాజా కూర్పునే కదా, అది తొందరగా రావాలన్నది ఉద్దేశం. ఆర్‌సీఎస్‌లో కొమ్మల (బ్రాంచీల) నంబర్లు మనవాళ్లకు వెంటనే అర్థమవుతాయి. 1.2 నుంచి ఒక పాయ విడిపోతే అందులో మొదటిది 1.2.1.1. సర్వే నంబరు సబ్‌డివిజన్ చేసినట్టే.

ఆర్‌సీఎస్ మామూలు వాడుకలో ఒకరు ఫైలు దిద్దుతుంటే దానికి తాళం పడుతుంది, రెండోవారు ఆగాలి. తాళం వేసుకున్నవాడు పండక్కి ఊరెళితే పని నిలిచిపోయేది. 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ తన విద్యార్థులతో కలిసి పనిచేయడానికి మొదలుపెట్టిన సీవీఎస్ ఈ తాళాన్ని తీసేసింది. ఎవరికి వారు దిద్దుకుని తర్వాత కలుపుకోవచ్చు. దాని లోపాలు సరిదిద్దడానికి 2000లో మొదలైన సబ్‌వెర్షన్ 2004లో 1.0 కూర్పుకు చేరింది. 2005లో బిట్‌కీపర్ ఉచిత వాడకం ఆగిపోవడంతో లినక్స్ కెర్నల్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ మొదటి వారంలో గిట్ రాయడం మొదలుపెట్టాడు. కొద్ది రోజుల్లోనే గిట్ తన చరిత్రను తానే దాచుకునే స్థితికి వచ్చింది. అదే నెలలో మాట్ మ్యాకల్ మెర్క్యూరియల్ ప్రకటించాడు.

ప్రాజెక్టు అంతటికీ ఒకే కూర్పు

ఒక మార్పు అయిదు ఫైళ్లను తాకితే ఆ అయిదూ కలిసే చరిత్రలోకి ఎక్కాలి, లేదంటే ఏదీ ఎక్కకూడదు. సీవీఎస్‌లో కమిట్ ఫైలు తర్వాత ఫైలుగా జరిగేది. మధ్యలో లైను తెగితే మూడు ఫైళ్లు కొత్తవి, రెండు పాతవి. అలాంటి ప్రాజెక్టు కంపైల్ కూడా కాదు. సబ్‌వెర్షన్ తెచ్చిన పెద్ద మేలు ఈ అఖండమైన కమిట్.

ఈ గుణం లేకపోతే ఏమవుతుందో తెలుగు వికీపీడియాలో ఎవరైనా స్వయంగా చూడవచ్చు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో ప్రతి పేజీకీ చరిత్ర ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏ సారాంశంతో దిద్దారో వరుసగా కనిపిస్తుంది. రెండు కూర్పులు ఎంచుకుంటే తేడాలు పక్కపక్కన వస్తాయి. తప్పు మార్పును రద్దు చేయవచ్చు. ప్రోగ్రామింగ్ ఊసే ఎరగని బడిపంతుళ్లు, గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు ఇన్నేళ్లుగా కూర్పుల నిర్వహణ చేస్తున్నది ఇక్కడే. తెలుగునాట ఈ విద్యకు ఇంతకంటే పెద్ద బడి మరొకటి ఉందని అనుకోను.

అయితే అక్కడ చరిత్ర పేజీకి పేజీకి విడివిడిగా ఉంటుంది, మొత్తానికి కలిపి ఉండదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. ఒక మండలం పేజీలో 2015 నాటి కూర్పు తెరిచామనుకోండి. పేజీలోని పాఠం ఆనాటిదే వస్తుంది, కానీ అది పిలుచుకునే మూసలు (టెంప్లేట్లు) కొత్త జిల్లాలతో నేటి రూపంలో వస్తాయి. మూస చరిత్ర మూసకే ఉంది, ఆ రెంటినీ ఒకే క్షణానికి ముడివేసే నమోదు లేదు. విజ్ఞాన సర్వస్వానికి ఇది చిన్న లోపమే. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ప్రాణాంతకం. ఖాతాదారు దగ్గర పోయిన మార్చిలో పెట్టిన కూర్పులో దోషం వెతకాలంటే ఆ మార్చి నాటి ఫైళ్లన్నీ ఒక్కుమ్మడిగా కావాలి.

చీల్చడం, కలపడం

కొమ్మ వేయడం తేలిక, కలపడమే విద్య. మంచి వ్యవస్థ రెండు కూర్పులను మాత్రమే పోల్చదు, వాటి ఉమ్మడి మూలాన్ని కూడా ముందు పెట్టుకుంటుంది. మూలంలో తరుగు 5 అని ఉంది. ఒకరి దగ్గర 10 అయింది, మరొకరి దగ్గర 5 గానే ఉంది. రెండే చూస్తే ఏది కొత్తదో చెప్పలేం. మూలం పక్కన ఉంటే 10 అన్నదే మార్పు అని తేలిపోతుంది. ఇద్దరూ అదే వరుసను వేరుగా మార్చితే మాత్రం వ్యవస్థ తనంతట తాను తీర్పు చెప్పకూడదు. రెండు పాఠాలూ చూపించి మనిషినే అడగాలి. వికీపీడియాలో 'దిద్దుబాటు ఘర్షణ' అని వచ్చేది ఇదే.

ఘర్షణ రాలేదంటే అంతా సవ్యంగా ఉందని కాదు. ఒకరు కొలతలన్నీ సెంటీమీటర్ల నుంచి మిల్లీమీటర్లకు మార్చారు. అదే రోజు మరొకరు వేరే ఫైలులో పాత పద్ధతినే నమ్మి కొత్త లెక్క రాశారు. వరుసలు ఢీకొనలేదు కాబట్టి రెండూ సాఫీగా కలుస్తాయి. బిల్లు తప్పుతుంది. వ్యవస్థకు అక్షరాలు తెలుసు, అర్థం తెలియదు. అందుకే కలిపిన ప్రతిసారీ పరీక్షలు నడిపే ఏర్పాటును దానికి తగిలించుకునే వీలు ఉండాలి.

రాతి కటింగుకు గీసే డిజైను డ్రాయింగులు, బొమ్మలు, ఆడియో లాంటి ఫైళ్లను ఇలా వరుస వరుసగా కలపడం కుదరదు. వాటికి ఆర్‌సీఎస్ కాలం నాటి తాళమే మేలు. సబ్‌వెర్షన్‌లో, పెద్ద ఫైళ్ల కోసం గిట్‌కు 2015లో వచ్చిన ఎల్‌ఎఫ్‌ఎస్ అనుబంధంలో ఈ తాళం ఉంది. పాత పద్ధతి అని కొట్టిపారేయకూడదు.

ఎవరిది, ఎందుకు

అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన, నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేశాడు. పూర్తిచేసి, అది నన్నయ రచనే అన్నట్టు రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. ఆ వినయానికి తెలుగువాళ్లు చేతులెత్తి మొక్కుతారు. కానీ ఎక్కడ నన్నయ ఆగాడు, ఎక్కడ ఎర్రన అందుకున్నాడు అన్నది తేల్చడం శైలిని చదివే పండితుల పని అయింది. సాఫ్ట్‌వేర్‌లో అలాంటి పండితులు దొరకరు. ఏ వరుస ఎవరిదో వ్యవస్థే చెప్పాలి. గిట్ ఇంకో అడుగు ముందుకు వేసి, రాసినవారి పేరు, చరిత్రలోకి ఎక్కించినవారి పేరు వేర్వేరుగా దాస్తుంది. ఒకరు ఈమెయిల్లో పంపిన సవరణను మరొకరు చేర్చినప్పుడు ఇద్దరికీ దక్కవలసింది దక్కుతుంది.

వరుసల పుట్టుక చూపే ఆదేశానికి గిట్‌లో 'బ్లేమ్' అని పేరు, అంటే నింద. సబ్‌వెర్షన్‌లో అదే పనికి 'ప్రెయిజ్' అని మరో పేరు కూడా ఉంది, అంటే మెచ్చుకోలు. నాకు రెండోదే నచ్చుతుంది. ఆ ఆదేశం నిజంగా ఉపయోగపడేది తప్పు మోపడానికి కాదు, ఆనాటి ఆలోచన తెలుసుకోవడానికి. అందుకు కమిట్‌తో పాటు సందేశం ఉండాలి. 'తరుగు మార్చాను' అన్న సందేశం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఏం మారిందో తేడాలోనే కనిపిస్తోంది. 'ఏప్రిల్ నుంచి ఎగుమతి బ్లాకులకు తరుగు 10, స్థానిక అమ్మకాలకు పాతదే' అని రాస్తే ఆ వరుస ఇంకో పదేళ్లు బతుకుతుంది.

దోషం వెతకడంలోనూ చరిత్ర పనికొస్తుంది. వెయ్యి కమిట్ల కిందట సరిగా నడిచిన ప్రోగ్రాము ఇవాళ నడవడం లేదు. గిట్‌లోని బైసెక్ట్ ఆదేశం మధ్య కమిట్‌ను తెచ్చి పరీక్షించమంటుంది, ఆపైన మిగిలిన సగంలో మళ్లీ మధ్యది. వెయ్యింటికి పది పరీక్షలు చాలు. కాకపోతే ప్రతి కమిట్ చిన్నదై, తనంతట తాను నడిచేదై ఉన్నప్పుడే ఇది ఫలిస్తుంది.

దగ్గర ఉన్న చరిత్ర, దూరాన ఉన్న నకలు

పంపిణీ పద్ధతిలో పనిచేసే వ్యవస్థలో ప్రతివారి దగ్గరా పూర్తి చరిత్ర ఉంటుంది. కరెంటు పోయినా, సిగ్నల్ లేకపోయినా ల్యాప్‌టాప్‌లో కమిట్ చేసుకోవచ్చు, పాత కూర్పులు చూసుకోవచ్చు, నెట్ వచ్చాక పంపుకోవచ్చు. ఊళ్లో ఇంటి దగ్గర నుంచి పనిచేసేవారికి ఇది సౌకర్యం కాదు, అవసరం.

దీన్ని చూసి బ్యాకప్ అక్కరలేదనుకోవడం తప్పు. 2013 మార్చిలో కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రధాన సర్వరులో ఫైళ్లు చెడిపోయాయి. ప్రపంచమంతటా ఉన్న నకలు సర్వర్లు నమ్మకంగా ఆ చెడునే నకలు తీసుకున్నాయి. చరిత్ర దాచుకున్న దాదాపు 1,500 ఖజానాలు (రిపాజిటరీలు) పోయేవే. తాజాకరణ అప్పటికి జరగని ఒక సర్వరు మిగలడంతో గండం గడిచింది. దాచినది పాడైందేమో తనకు తానే సరిచూసుకునే ఆదేశం వ్యవస్థలో ఉండాలి, వాడేవారు దాన్ని నడపాలి. నకళ్లలో ఒకటైనా వెంటవెంటనే మారనిదిగా ఉండాలి.

ప్రాజెక్టు ఎంత పెరిగినా వేగం తగ్గకూడదు. మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ మూలాన్ని గిట్‌లోకి తెచ్చినప్పుడు అది సుమారు 35 లక్షల ఫైళ్లు, 300 గిగాబైట్లు. మామూలు గిట్ మోయలేకపోవడంతో అడిగిన ఫైలును అడిగినప్పుడే తెచ్చే కొత్త పొర కట్టుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాదే ఆ కంపెనీ గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. గిట్ వేరు, గిట్‌హబ్ వేరు అన్నది కొత్తవారు గుర్తుంచుకోవాలి. మొదటిది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, రెండోది దాని మీద నడిచే ఒక కంపెనీ సేవ. చరిత్ర మొత్తాన్ని మూట కట్టుకుని మరో చోటికి పోగల స్వేచ్ఛ ఉన్న వ్యవస్థనే ఎంచుకోవాలి. 2005లో కెర్నల్ ప్రాజెక్టు నేర్చుకున్న పాఠం అదే.

చెడని చరిత్ర ఒక్కచోట ఎదురు తిరుగుతుంది. పొరపాటున పాస్‌వర్డు కమిట్ అయితే, మర్నాడు తీసేసినా పాత కూర్పులో ఉండనే ఉంటుంది. చరిత్రను తిరగరాసే సాధనాలు ఉన్నాయి గానీ, అప్పటికే నకలు తీసుకున్నవారి దగ్గర అవి పనిచేయవు. చేయవలసిన పని ఒకటే, వెంటనే ఆ పాస్‌వర్డు మార్చేయడం.

తెలుగు లిపితో

వ్యవస్థ ఎంత గొప్పదైనా తెలుగు పేరున్న ఫైలును తెలుగులో చూపించకపోతే అది మనకు సగం వ్యవస్థే. గిట్‌లో ఒక ఫైలుకు 'కొలతలు' అని పేరు పెట్టి ఫైళ్ల స్థితి అడిగితే \340\260\225 అంటూ అంకెల దండ వస్తుంది. ఆ మూడు అంకెల గుంపులు కలిస్తే ఒక్క 'క'. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ప్రతిదీ మూడు బైట్లు, గిట్ ఒక్కో బైటునూ అష్టాంశ సంఖ్యగా రాస్తోంది. ఫైలుకు ఏమీ కాలేదు, చూపే తీరే అది. అమరికల్లో కోర్ విభాగంలోని 'కోట్‌పాత్'ను 'ఫాల్స్' చేస్తే 'కొలతలు' అని చక్కగా కనబడుతుంది.

ఇంతకంటే లోతైన చిక్కులు రెండున్నాయి. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం, దాని కింద మరో గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి. బైట్లు వేరు కనుక వ్యవస్థ ఆ వరుస మారిందంటుంది, చూసేవారికి ఏమీ మారినట్టు ఉండదు. రెండోది, పొల్లు తర్వాత వత్తు పడకుండా పెట్టే కనబడని అక్షరం. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో అది లేకపోతే ట కింద వ వత్తుగా చేరిపోతుంది. ఇలాంటి కనబడని తేడాలను గుర్తు వేసి చూపే గుణం తెలుగు పాఠంతో పనిచేసేవారికి తప్పనిసరి. పేరా అంతా ఒకే వరుసగా రాసే అలవాటు ఉన్నవారికి వరుసల తేడా కన్నా మాటల తేడా చూపే 'వర్డ్ డిఫ్' ఎంతో మేలు.

తెలుగు ఫాంట్లు, అనువాదాలు, పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు ఏవి మొదలుపెట్టినా మొదటి రోజే మూడు పనులు చేసుకోండి: కోట్‌పాత్ అమరిక మార్చండి, జట్టంతా ఒకే రకం యూనికోడ్ రాతకు కట్టుబడండి, కమిట్ సందేశాలు తెలుగులో రాయండి. గిట్‌లో కమిట్ సందేశాలకు అప్రమేయంగా వాడేది యూటీఎఫ్-8 కాబట్టి అవి ఏ అమరికా మార్చకుండానే భద్రంగా నిలుస్తాయి.